సర్దార్‌బీ చేలో చీమలు

నేను గరువుపాళేనికి గ్రామసేవకుడిగా వెళ్లిన మొదటి వారంలోనే సర్దార్‌బీ నన్ను తన చేలోంచి బయటికి పంపేసింది.

1961 నవంబరు. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. శిక్షణ పూర్తయి నెల కూడా కాలేదు. బ్లాకు ఆఫీసువాళ్లిచ్చిన సైకిలు వెనక వాళ్లిచ్చిన పురుగుమందు పొడి బస్తా కట్టుకుని, రోడ్డు దిగి, ఇసుకలో సైకిలు తోసుకుంటూ ఆ వూరు చేరాను. తోటపల్లి గూడూరుకు తూర్పున, సముద్రానికి రెండు మైళ్లు ఇవతల ఉంటుంది గరువుపాళెం. వరి పండే నేల తక్కువ. ఇసుకపాలు ఎక్కువైన గరువు మీద వేరుశనగ, రాగి, చిలగడదుంప వేస్తారు. చిలగడదుంపని అక్కడివాళ్లు గెనుసుగడ్డ అంటారు. నీళ్లకు దొరువులే దిక్కు. దొరువంటే ఇసుకలో ఏటవాలుగా తవ్విన పెద్ద గుంట. రెండు చేతులా రెండు కడవలతో లోపలికి దిగి, ముంచుకుని, పైకెక్కి, చాళ్ల వెంట నడుస్తూ మొక్క మొక్కకూ పోయాలి. ఆ పని పొద్దున మొదలుపెడితే ఎండెక్కేదాకా సాగుతుంది.

వూరి చివర ఎకరన్నర గెనుసు చేను కనిపిస్తే దిగాను. తీగలు నాటిన మట్టి బోదెల మీద ఎర్రటి చిన్న చీమలు బారులు బారులుగా తిరుగుతున్నాయి. పైగా ఎవరో పని పెట్టుకుని అక్కడక్కడా కొబ్బరిచిప్పలు బోర్లించి ఉంచారు. ఒకటి ఎత్తి చూస్తే కింద చీమల కుప్ప. ఈ చేను గలవాళ్లకు ఏమీ తెలియదనుకుని జాలిపడి బస్తా మూతి విప్పాను.

అవతలి గట్టు మీదినుంచి ఒకామె కడవలు దించి గబగబా వచ్చింది. పొడవాటి మనిషి. నలభై ఏళ్లుంటాయి. చీరకొంగు తలమీదుగా చుట్టి నడుముకు బిగించుకుని ఉంది.

"ఏంది నాయనా అది?"

"పొడి అమ్మా. బ్లాకు వాళ్లది. ఊరికే ఇస్తారు. చల్లితే ఈ చీమలన్నీ చచ్చిపోతాయి."

"నా చీమలు నిన్నేం చేసినాయి?"

నాకు నవ్వొచ్చింది. చీమలు దుంపను తొలుస్తాయనీ, చేదు పట్టిస్తాయనీ ఆమెకు వివరించబోయాను. ఆమె సగంలోనే చెయ్యెత్తింది.

"ముందు ఆ బస్తా నా చేను దాటించు. అది పోయినాక నువ్వు తిరిగి రా. చెట్టు కింద కూర్చో, మజ్జిగ పోస్తా. నువ్వు రావచ్చు, అది రాకూడదు."

బస్తా సైకిలెక్కించుకుని బయటికి నడిచాను. మజ్జిగకు తిరిగి వెళ్లలేదు. నాకు రోషం వచ్చింది.

ఆమె కథ నాకు తర్వాత కొంత ఆ వూరికి కూలికొచ్చే మగ్దలీనమ్మ చెప్పింది, కొంత ఆమే చెప్పింది. సర్దార్‌బీ పుట్టిల్లు ముత్తుకూరు పక్క. దూదేకులవాళ్లు. భర్త దరియావలి విల్లు భుజాన వేసుకుని ఊరూరూ తిరిగి దూది ఏకేవాడు, పరుపులు కుట్టేవాడు. మెత్తని మనిషి, గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. పెళ్లిళ్ల కాలంలో తప్ప ఆ పని సరిగ్గా ఉండదు. అందుకని పెళ్లయిన మూడో ఏట, ఎవరికీ అక్కర్లేని ఇసుకదిబ్బ ఒకటి కౌలుకు తీసుకుంది సర్దార్‌బీ. దూదేకులామెకు సేద్యమేమిటని వూరు నవ్వింది. ఆమె ఆ దిబ్బను మూడు వేసవులు చదును చేసింది. చెరువు మట్టి గంపలతో మోసి పోసింది. నాలుగో ఏడు గెనుసు వేస్తే నాలుగు గడ్డలకే గంప నిండేంత లావు దుంపలు ఊరాయి. నవ్వినవాళ్లు ఊరుకున్నారు.

1956లో ఆ చేను మొత్తం పోయింది. పైకి తీగ పచ్చగా ఉంది. తవ్వి చూస్తే ఏ దుంప కోసినా లోపల నల్లటి సొరంగాలు, చేదు వాసన. ఉడికించినా తినలేకపోయారు. తెచ్చి బర్రె ముందు పోస్తే అది మూతి తిప్పుకుంది. వూళ్లో అందరికీ అంతే అయింది. చీమలు తొలిచేశాయన్నారు. నిజంగానే ప్రతి దుంప మీదా చీమలాంటివి కనిపించాయి. అందరూ తిట్టుకుని, పాడైన దుంపల్ని గట్ల మీద పారేసి పోయారు.

సర్దార్‌బీ మాత్రం పోలేదు. ఆ కుప్ప పక్కన గొంతుక్కూర్చుని రెండు రోజులు చూసింది. చూడగా చూడగా అక్కడున్నవి రెండు రకాలని తెలిసింది. ఒకటి మామూలు చీమ, సన్నటి నడుముతో గబగబా పోతుంది. రెండోది కూడా చీమంతే ఉంటుంది, ఎర్రటి మెడ, ఎర్రటి కాళ్లు. కానీ వీపు నీలంగా, గాజుపూసలా నిగనిగలాడుతుంది. ముందుకు చాచిన ముక్కుంటుంది. ముట్టుకుంటే పరిగెత్తదు, చచ్చినట్టు పడిపోతుంది. దుంపకు బెజ్జం పెట్టేది ఆ ముక్కుపురుగు. లోపల తొలిచేవి దాని పిల్లలు, తెల్లటి పురుగులు. చీమలేం చేస్తున్నాయంటే, ఆ తెల్ల పురుగుల్ని ఒక్కొక్కటిగా బయటికి లాక్కుపోతున్నాయి.

"దొంగ ఒకడైతే కాపలావాణ్ణి పట్టుకుని కొడుతుండారే అనుకున్నా," అని నాతో అంది తర్వాత.

ఆ సంగతి చెబితే ఎవరూ నమ్మలేదు. అప్పుడామె ఖాళీ అత్తరు సీసాలో రెండు చీమల్నీ, రెండు ముక్కుపురుగుల్నీ వేసి మూత బిగించి, గడప గడపకూ తీసుకెళ్లి చూపించింది. కొందరు చూశారు, కొందరు చూసినట్టు తలాడించారు. చీమ చీమే కదా అన్నారు.

ఆమె తన పద్ధతులు తనే వెతుక్కుంది. పాత చేను తవ్వినాక ముక్క దుంప కూడా నేలలో మిగలనిచ్చేది కాదు. పాత తీగంతా పోగేసి కాల్చేది. చేనును రెండుగా చేసుకుని, గెనుసు వేసిన సగంలో మరుసటి ఏడు వేరుశనగో రాగో వేసేది. నాటడానికి తీగ మొదలు వాడేది కాదు, పురుగు గుడ్లు పెట్టేది మొదట్లోనే కాబట్టి లేత కొసలు మాత్రం తుంచేది. కడవలతో నీళ్లు పోస్తే ఇసుక జారి దుంప భుజం బయటపడుతుంది. పురుగుకు అదే దారి. అందుకని పంటకాలంలో మూడుసార్లు, వీలైతే నాలుగుసార్లు, బోదెకు మట్టి ఎగదోసేది. చేను అంచుల్లో గెనుసు ముక్కలు కోసి చిప్పల కింద ఎర పెట్టేది. వాసనకు చేరిన ముక్కుపురుగుల్ని తెల్లారగానే వేణ్ణీళ్లలో దులిపేది. ఇక చీమల సంగతి: తాటిచెట్ల మొదట్లో తలపెద్ద చీమల పుట్టలుంటాయి. నెత్తళ్లనే ఎండు చేపల పొడిలో తాటిబెల్లం కలిపి కొబ్బరిచిప్పలకు పూసి అక్కడ బోర్లిస్తే, నాలుగైదు రోజుల్లో చీమలు గుడ్లతో సహా చిప్ప కిందికి కాపురం మారుస్తాయి. ఆ చిప్పల్ని జాగ్రత్తగా ఎత్తుకొచ్చి బోదెల మధ్య పెట్టేది. నేను జాలిపడింది ఆ చిప్పల్ని చూసే.

మరుసటి ఏడు, 1962లో, పంచాయతీ తీర్మానం చేసింది. ప్రెసిడెంటు హజరత్తయ్య వూళ్లో అందరికంటే పెద్ద రైతు. మంచివాడనే పేరుంది, తన మాట తీసేస్తే మాత్రం ఓర్చుకోలేడు. వూరంతా ఒకే వారంలో పొడి చల్లాలనీ, ఒక్క చేను వదిలేసినా అందులోంచి పురుగు మళ్లీ పాకుతుందనీ నేనే సభలో చెప్పాను. నాకు అలాగే నేర్పారు. బ్లాకు నుంచి చేత్తో తిప్పి పొడి చిమ్మే మిషన్లు మూడు తెప్పించాను. అందరూ చేతులెత్తారు. సర్దార్‌బీ లేచి నిలబడింది.

"నా చేను వదిలేయండి," అంది.

హజరత్తయ్య నవ్వుతూనే అన్నాడు: "ఇది వూరి పని సర్దార్‌బీ. నీ ఒక్కదాని ఇష్టం గాదు."

"వూరి పనైతే వూరంతా ఒకసారి వొంగి చూడండన్నా. పురుగు నేల లోపల ఉండాది, గడ్డలో ఉండాది. మీరు పొడి ఆకు మీద చల్లతారు. పైన తిరిగే చీమ చస్తాది, లోపలున్న పురుగు చల్లగా ఉంటాది. ఎవుడికి మేలు?"

"చదువుకున్న అబ్బాయి చెప్తుండాడు. నీకంటే తెల్దా?"

ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు ముక్కుపురుగును చూసినావా నాయనా? బొమ్మలో గాదు, కంటితో."

నేను చూడలేదు. ఆ మాట ఒప్పుకోకుండా, పుస్తకంలో ఉన్నదేదో చెప్పాను. ఆమె వినలేదు.

"నా చేలో చిటికెడు పొడి పడకూడదు. పడితే ఆ మిషను తిప్పినోడు నాకు జవాబు చెప్పాల," అని చెప్పి వెళ్లిపోయింది.

మూడో రోజుకు ఆమె నీళ్లు తెచ్చుకునే దొరువు చుట్టూ ముళ్లకంప పడింది. ఆ దొరువు హజరత్తయ్య తాటితోపులో ఉంది. ఆ చుట్టుపక్కల రైతులంతా తరతరాలుగా అందులోనే ముంచుకునేవాళ్లు. ఇప్పుడు మిగతావాళ్లకు దారి వదిలి, సర్దార్‌బీకి మాత్రం కుదరదన్నారు. మొక్కలు నాటి పదిహేను రోజులైంది. ఆ యేడు కార్తీకం వానలు మొహం చాటేశాయి. ఇసుకలో లేత తీగ మూడు రోజులు నీళ్లు లేకపోతే వాడిపోతుంది.

దరియావలి భయపడ్డాడు. "ఒక్కసారి చల్లించుకుంటే పోతాది గదా. వాళ్లింట్లో పరుపులు కుట్టేది నేనే. రేపు మొహం ఎట్ట చూడాల?"

"నువ్వు కుట్టిన పరుపు మీద నిద్రపోయేది వాళ్లు. సిగ్గు వాళ్లకుండాల," అంది సర్దార్‌బీ. పలుగూ పారా తీసుకుని చేలోకి పోయింది.

తన చేనులోనే పల్లపు మూల ఒకటి చూసుకుని దొరువు తవ్వడం మొదలుపెట్టింది. ఇసుకలో గుంట తీయడం మాటలు కాదు. ఒక గంప తీస్తే రెండు గంపలు జారుతుంది. ఏటవాలుగా, వెడల్పుగా తీసుకుంటూ పోవాలి. మొదటి రోజు ఆమె ఒక్కతే తవ్వింది. రెండోరోజు మగ్దలీనమ్మ వచ్చింది. వూరికి దక్షిణాన ఉన్న పల్లె నుంచి కూలికొచ్చే మనిషి ఆమె. మిషన్ స్కూల్లో ఐదు చదివింది. ఆ రోజుల్లో హజరత్తయ్య చేలో కలుపు తీస్తోంది.

"నువ్వు రావద్దు మగ్దలీనా. ఆయన కూలికి పిలవడు," అంది సర్దార్‌బీ.

"పిలవకపోతే పిలవనీ. ఆ దొరువులో నన్నెప్పుడు దిగనిచ్చినారు గనక? గట్టున నిలబడితే ఎవురో ఒకరు వొంచి పోసేది. ఇక్కడైతే నేనే దిగతా," అంది మగ్దలీనమ్మ, గంప అందుకుంటూ.

మూడోరోజు దరియావలి కూడా వచ్చాడు. విల్లు ఇంట్లో పెట్టి, తాటాకు తడికెలు అల్లి, జారే ఇసుకకు అడ్డం నిలిపాడు. ఐదోరోజు మధ్యాహ్నం అడుగున ఇసుక తడిసింది, సాయంత్రానికి మోకాలి లోతు తియ్యటి నీళ్లు ఊరాయి. ముందుగా దిగి కడవ ముంచింది మగ్దలీనమ్మ. సర్దార్‌బీయే ఆమెను ముందు దిగమంది. నేను ఆ రోజు గట్టు మీద సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఏం చేయాలో తోచక నిలబడ్డాను. ఎవరూ నన్ను పలకరించలేదు.

పొడి చల్లిన రోజు తూర్పుగాలి. సర్దార్‌బీ తెల్లవారేసరికే చేనుకు తూర్పు పక్క తాటాకులు ఎత్తుగా పాతి తడిక కట్టింది. మిషను తిప్పే ఇద్దరూ తడిక దగ్గరకొచ్చి ఆగారు. హజరత్తయ్య గట్టు మీద ఉన్నాడు.

"తిప్పండిరా, గాలికి పోతే పోతాది," అన్నాడు.

సర్దార్‌బీ తడిక ఇవతలికి వచ్చి మిషను గొట్టానికి ఎదురుగా, నాలుగడుగుల దూరంలో నిలబడింది. కొంగు ముక్కుకు కూడా అడ్డం పెట్టుకోలేదు.

"తిప్పండి. ముందు నా మీద పడనీ. ఆమీద చేలో పడతాది."

మిషను తిప్పే వాళ్లలో ఒకడు పిడి వదిలేశాడు. రెండోవాడు నావైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆ వారంలో నేను చేసిన మంచిపని అదొక్కటే. వాళ్లు మిషన్లు ఎత్తుకుని పక్క చేనుకు పోయారు. హజరత్తయ్య ఆ తర్వాత నాతో నెల్లాళ్లు మాట్లాడలేదు.

ఆ యేడు పంట చూస్తే వూరిదే గెలుపన్నట్టు కనిపించింది. పొడి చల్లిన చేలల్లో ఆకు తినే గొంగళ్లు చచ్చి తీగ దట్టంగా ఎదిగింది. దుంపలూ పరవాలేదు. సర్దార్‌బీ చేనుకు మొదట్లో నీళ్లు అందక దుంప సన్నంగా ఊరింది. దారిన పోయేవాళ్లు ఆమెకు వినపడేట్టుగానే ఎగతాళి చేశారు. "చీమలకు ఇంకో రెండు చిప్పల బెల్లం పెట్టకపోయినావా!" అని ఒకాయన అరిచాడు. ఆమె తవ్వుతూ తలెత్తి, "పెడతాలే, నీ చేలో చచ్చినవాటి వాటా కూడా వీటికే పెడతా," అంది.

1963 చివర్లో వేసిన పంటకు వూళ్లో ఇంకా ఎక్కువ పొడి చల్లారు. నా లెక్కల్లో బస్తాలు పెరిగినందుకు పై నుంచి మెచ్చుకోలు వచ్చింది. జనవరిలో ఎండలు ముందుగా కాశాయి. ఫిబ్రవరిలో ఒక రోజు హజరత్తయ్య కబురు పంపితే వెళ్లాను. ఆయన చేలో పదిచోట్ల తవ్వి దుంపలు గుట్టగా పోసి ఉన్నాయి. కత్తితో కోసి చూపించాడు. నల్లటి సొరంగాలు. చేదు కంపు ముక్కుకు కొట్టింది. ఇంకో చేను, ఇంకో చేను. అన్నిచోట్లా అదే. ఆ చేలల్లో ఎక్కడా ఒక్క చీమ లేదు. బోదె పగుళ్లలో నీలిరంగు వీపులు మాత్రం మెరుస్తున్నాయి. అప్పుడు చూశాను ముక్కుపురుగును, కంటితో.

నెల్లూరు నుంచి దుంపలు కొనే రహ్మాన్ సాహెబు లారీ తెచ్చాడు. ఆయన దుంపను చేత్తో తూచడు, కోసి ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. నాలుగు కల్లాలు తిరిగి నాలుగు చోట్లా కత్తి మూసేశాడు. చివరికి సర్దార్‌బీ చేను దగ్గర ఆగాడు. ఒకటి కోశాడు, రెండోది కోశాడు, మూడోది పచ్చిగానే కొరికి తిన్నాడు. లారీని వెనక్కి తిప్పించి అక్కడే పెట్టించాడు. ఆమె చేలో కూడా కొంత పోయింది, దాచడమెందుకు. పొడి చల్లిన చేల వైపున్న రెండు బోదెల్లో పురుగు దూరింది. ఆ రెండు బోదెల దుంపల్ని ఆమె వేరుగా గుట్టపోసి, లారీకి వేయకుండా, రహ్మాన్ సాహెబు చూస్తుండగానే కాల్చేసింది.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. మార్చిలో నెల్లూరులో వ్యవసాయ ప్రదర్శన పెట్టారు. మా బ్లాకు తరఫున మంచి గెనుసుగడ్డలు పెట్టాలని పై అధికారి పట్టుబట్టాడు. వూళ్లో మంచి దుంపలున్నది ఒక్క సర్దార్‌బీ ఇంట్లోనే. సిగ్గుపడుతూనే వెళ్లి అడిగాను. ఆమె ఏమాత్రం ఆలోచించకుండా గంపనిండా ఏరి ఇచ్చింది.

"నలుగురూ చూస్తారు గదా. అడిగితే చీమల సంగతి చెప్పు నాయనా. నేనూ వస్తాలే చూడటానికి," అంది.

ప్రదర్శన ముందురోజు అధికారి ఒక కాగితం ఇచ్చి, దాన్ని బోర్డు మీద అందంగా రాయమన్నాడు. నా చేతిరాత బాగుంటుంది. 'బ్లాకు పొడితో పండిన గెనుసుగడ్డలు' అని పెద్ద అక్షరాలతో రాశాను. రాస్తున్నప్పుడు ఎవరూ నా చెయ్యి పట్టుకోలేదు. ఉద్యోగం కొత్త, అధికారి కళ్లముందే ఉన్నాడు అని నాకు నేను చెప్పుకున్నాను. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ మాట నాకు చాలినట్టు లేదు.

రెండోరోజు సర్దార్‌బీ, దరియావలి, మగ్దలీనమ్మ బస్సెక్కి నెల్లూరు వచ్చారు. గంప ఎర్రగుడ్డ పరిచిన బల్ల మీద ఉంది. దాని మీద మొదటి బహుమతి చీటీ అంటించారు. సర్దార్‌బీ తన దుంపల్ని చూసుకుని మురిసిపోయింది. మగ్దలీనమ్మ పైనున్న బోర్డు చదివింది. ఇంకోసారి చదివి, వంగి సర్దార్‌బీ చెవిలో చెప్పింది.

సర్దార్‌బీ నా మొహం చూసింది. నేను కళ్లు దించుకున్నాను. అధికారి నవ్వుతూ ముందుకొచ్చాడు.

"నీదేనా అమ్మా గంప? బహుమతి నీకే. ఫోటో తీస్తారు, ఇట్లా నిలబడు. ఈ మిషను పట్టుకో."

"మిషను నేను పట్టుకోలేదే."

"ఫోటో కోసమమ్మా."

"పొడి నేను చల్లలేదయ్యా. చల్లనియ్యకపోబట్టే ఈ గడ్డలు ఇట్టుండాయి. చల్లిన గడ్డలు మా వూళ్లో గట్ల మీద పడుండాయి, గంప పంపిస్తే అవి గూడా ఇస్తారు. ఈ బోర్డు వాటి మీద పెట్టుకోండి."

జనం పోగయ్యారు. అధికారి గొంతు తగ్గించి, బహుమతి ఆమెదేననీ, బోర్డు సంగతి ఆమెకు అనవసరమనీ చెప్పాడు. సర్దార్‌బీ గొంతు తగ్గించలేదు.

"గడ్డలు నావి. మీ బోర్డు మీ దగ్గర ఉంచుకోండి."

గంప మీది చీటీ పీకి బల్ల మీద పెట్టింది. గంప నెత్తినెత్తుకుని బయటికి నడిచింది. గేటు బయట వేపచెట్టు నీడన కూర్చుని, దుంపలు ఒక్కొక్కటే కోసి వచ్చేవాళ్లకు చూపిస్తూ, ముక్కుపురుగు గురించీ చీమల గురించీ సాయంత్రం దాకా చెప్పింది. లోపల కన్నా అక్కడే జనం ఎక్కువున్నారు. మగ్దలీనమ్మ మధ్యమధ్య అందుకుంటూ ఉంది. దరియావలి కూడా ఒక రైతును కూర్చోబెట్టుకుని తడికెలు ఎలా నిలపాలో చేతులతో చూపించాడు. అంతమందిలో అతను మాట్లాడటం నేను చూసింది ఆ ఒక్కరోజే.

నేను బోర్డు దింపి గోడకు తిప్పి పెట్టాను. ఎవరి అనుమతీ అడగలేదు. దానికి నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది, ఒక ఏడాది ఇంక్రిమెంటు ఆగింది. ఆమె పడ్డ నీళ్ల కష్టంతో, ఎగతాళితో పోలిస్తే అదేమంత కాదు. మరుసటి వారం ఆమె చేనుకు వెళ్లి, బోర్డు రాసింది నేనేనని చెప్పాను.

"తెలుసు. నీ అక్షరాలు గుండ్రంగా ఉంటాయంట, మగ్దలీన చెప్పింది," అంది. మళ్లీ మట్టి ఎగదోయసాగింది. తర్వాత, "పార అక్కడుండాది. తీసుకో," అంది. ఆ రోజు నేను ఆరు బోదెలకు మట్టి ఎగదోశాను. చేతులు బొబ్బలెక్కాయి. ఆ తర్వాతి నెలల్లో ఆమె చేసేదంతా పక్కన నిలబడి చూశాను, నోటు పుస్తకంలో రాసుకున్నాను.

వేసవి వెళ్లాక నాటే రోజులు దగ్గరపడ్డాయి. వూళ్లో ఎవరి దగ్గరా ఆరోగ్యమైన తీగ లేదు. అప్పుడు హజరత్తయ్య సర్దార్‌బీ ఇంటికొచ్చాడు. నన్ను వెంటబెట్టుకొచ్చాడు. దరియావలి కొత్త పరుపు పరిచి కూర్చోబెట్టాడు.

"తీగ కొసలు కావాల సర్దార్‌బీ. నాకే గాదు, వూరికి," అన్నాడు.

"ఇస్తాన్నా. నాకు వట్టినే పెరిగింది, వట్టినే ఇస్తా. కానీ నేను చెప్పినట్టు నడవాల. ముందు మీ చేలల్లో మిగిలిన పాత దుంపంతా ఏరి కాల్చాల. గట్ల మీద తీగ గూడా. పోయినేడు గెనుసు వేసిన చోట ఈ యేడు వేయకూడదు. చీమల్ని ముట్టకూడదు."

"సరే."

"ఇంకొకటుండాది. నీ తోపులో దొరువుకు కంప తీసేయాల."

"తీసేస్తా. నువ్వు ముంచుకో."

"నాకు నా దొరువుండాది. నాకు గాదు. మగ్దలీన వాళ్ల పల్లెలో ఎండాకాలం తాగను నీళ్లు లేవు. వాళ్లు వచ్చి దిగాల. ఎవురూ వొంచి పోసేది లేదు, వాళ్లే దిగి ముంచుకోవాల."

హజరత్తయ్య మొహం ఎర్రబడింది. "దానికీ దీనికీ ఏంది సంబంధం?"

"సంబంధం నేను పెడుతుండా. ఈ చేను నిలబడిందంటే నేను తవ్విన దొరువు మూలాన. ఆ దొరువులో సగం గంపలు మగ్దలీన మోసింది. నీ కూలి పోగొట్టుకుని మోసింది. తీగ కావాలంటే ఇది గూడా కావాల."

ఆయన చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. నేను వెనక్కి తిరిగి, కొంచెం తగ్గమని సైగ చేశాను.

"ఎందుకు తగ్గాల? తీగ నా దగ్గరుండాది," అంది ఆమె.

పది రోజులు గడిచాయి. ఆయన కొడవలూరు పక్కనుంచి తీగ తెప్పించుకోవాలని చూశాడు. బండి మీద వచ్చిన తీగ మొదళ్లు కోసి చూస్తే అందులోనూ తెల్లపురుగులే. తొలి వానలు పడ్డాయి. నేల పదునెక్కింది. ఇంకో వారం ఆలస్యమైతే ఆ యేడు గెనుసు లేనట్టే. వూరి రైతులు ఆయన ఇంటి ముందు కూర్చున్నారు. చిన్నపోలయ్య అనే ముసలి రైతు, "ఆ కంప నువ్వు తీస్తావా, మేం తీయాలా?" అని అడిగాడట.

మర్నాడు పొద్దున కంప తీశారు. మగ్దలీనమ్మా, ఆమె పల్లె నుంచి ఇంకో పదిమంది ఆడవాళ్లూ కడవలతో వచ్చారు. హజరత్తయ్య తాటిచెట్టుకు ఆనుకుని, మొహం పక్కకు తిప్పుకుని నిలబడ్డాడు. సర్దార్‌బీ గట్టు మీద కొడవలి పట్టుకుని నిలబడింది. కడవలు ముంచుకుని వాళ్లంతా పైకి వచ్చాక, ఆమె చేలోకి దిగి తీగ కొసలు తుంచడం మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి పన్నెండు చేలకు సరిపడా కట్టలు కట్టి వేసింది.

ఆ యేడు ఇద్దరు రైతులు మాట తప్పి మళ్లీ పొడి చల్లారు. వాళ్ల చేలు అలాగే పోయాయి. మిగతావాళ్లకు మొదటి ఏడు సగమే దక్కింది, 1966 నాటికి దాదాపు అంతా దక్కింది. నా నోటు పుస్తకంలోని సంగతులు పైకి పంపితే జవాబు రాలేదు. రెండోసారి పంపాను, మూడోసారి పంపాను. పొడి బస్తాలు తీసుకోవడం మానేశాను. లక్ష్యం చేరనందుకు 1967లో నన్ను దూరం బదిలీ చేశారు.

వెళ్లేముందు చెప్పి పోదామని చేనుకు వెళితే, సర్దార్‌బీ గట్టు మీద సర్వే గొలుసు పట్టుకున్న ఇద్దరితో వాదిస్తోంది. ఆమె చదును చేసిన నేలకు ఇప్పుడు గిరాకీ వచ్చిందట. నేల గలవాళ్లు కౌలు రద్దు చేసి ఎవరికో అమ్ముతారట. ఆమె గొలుసు మీద కాలు పెట్టి నిలబడి ఉంది.

"పోయొస్తా అక్కా," అన్నాను.

"పోయిరా నాయనా. మేలుగా ఉండు," అంది నావైపు ఒక్క క్షణం తిరిగి. తర్వాత మళ్లీ వాళ్ల వైపు తిరిగింది. "ఈ మట్టి మోసిన గంపలు ఇంకా నా ఇంట్లో ఉండాయి. కొలవాలంటే ముందు నాతో మాట్లాడండి."

ఎన్నిసార్లు వచ్చినా ఆమె గొలుసు పడనివ్వలేదనీ, ఆ నేల ఆమె నుంచి ఎవరూ తీసుకోలేకపోయారనీ రెండేళ్ల తర్వాత మగ్దలీనమ్మ ఉత్తరం రాసింది.